చెట్టెక్కిన సారు

"తాతా, నీకు అచ్చరాలు నేర్పిన సారు తాటిచెట్టు ఎక్కిండట గద, నిజమేనా?"

ఎవలు చెప్పిండ్రు? మీ నాయనమ్మేనా? ఆమె ఒకటికి రెండు కలుపుతది. ఫోన్ల రికార్డు వెడుతున్నవా? పెట్టు. నిజమే బిడ్డా, ఎక్కిండు. పూరా ఎక్కలే, గని ఎక్కిండు. జర్ర ఇటు జరుగు, నీ మీద ఎండ వడుతుంది.

దేవదానం సారని, జగిత్యాల దిక్కు మనిషి. కిరస్తానపాయన. పగలు కోరుట్లల పిల్లలకు చదువు చెప్పుడు, పొద్దుగూకంగ సైకిలేసుకొని మన ఊరికొచ్చి పెద్దోల్లకు రాత్రిబడి పెట్టుడు. అప్పుడు కోరుట్లల చాయ్ చారాన. కాదు కాదు, చారాన మా నాయన కాలంల, సారొచ్చిన యాల్లకు ఆఠాన అయింది. ఏదో ఒకటి. బక్కమనిషి, తెల్లంగి, ఎవలు కనవడ్డా ముందుగాల ఆయనే దండం పెట్టేది.

గని బడికి ఒక్కడు పోతే ఒట్టు. ఎందుకు పోతరు? కల్లు గీసేటి మా గౌండ్లోల్లల్ల నేను పెద్దగౌడును. "రాజగౌడే పోతలేడు, మనకెందుకు" అనేటోల్లు. ఒకరోజు సారు సక్కగ కల్లు మండువకే వచ్చిండు. ఆయన తాగడు, ముట్టడు, అయినా వచ్చి మా నడుమ కూసున్నడు.

"రాజగౌడూ, ఈ నెలాఖరు దాక ఎవ్వరు రాకుంటె పైనోల్లు బడి ఎత్తేస్తమంటున్నరు. నువ్వొక్కనివి వస్తె అందరొస్తరు" అన్నడు.

నాకు ఎక్కడలేని పౌరుషం వచ్చింది. "గీ వయసుల నేను నీ ముందట పలక వట్టుకొని కూసోవాల్నా సారూ? నువ్వు కూసుంటవా నా ముందట? తాటిచెట్టు ఎక్కుడు నేర్చుకుంటవా?" అన్న. అందరు ఒక్కతీరుగ నవ్విండ్రు.

సారు నవ్వలే. "నేర్పుతె నేర్చుకుంట" అన్నడు.

ఇగ పందెం వడ్డది. సారు కొస దాక ఎక్కితె నేను బడికి పోవాలె. ఎక్కకుంటె సారు ఇగ మా ఊర్ల బడి మాట ఎత్తొద్దు. చెయ్యి కలిపినం.

మోకు ఒకలది ఇంకొకలు ముట్టరు బిడ్డా, అది మా కులపు తీరు. నడుముకూ చెట్టుకూ చుట్టుకునేటి తాడు గద, పానం దాని మీదనే ఉంటది. అందుకని సారుకు కొత్త మోకు నేనే పేనిన. మీ నాయనమ్మ చూసి, "సదువుకు పోడు గని పంతులుకు తాడు వేనుతుండు. నీకంటె గా తాటిచెట్టు నయం, గాలొస్తెనన్న ఊగుతది" అన్నది. ఎప్పటికి గట్లనే ఆమె.

చెట్టు మొదట్ల నేను ఎల్లమ్మను తలుసుకున్న, సారు కండ్లు మూసుకొని ఆయన ప్రభువును తలుసుకున్నడు. మొదటి దినం మోకాలంత ఎత్తుకు పోయి జారిండు. అంగి చినిగింది, రొమ్ము గీరుకపోయింది. నేను ఊకుంటనా? "చెట్టును గట్ల కావలిచ్చుకోకు సారూ, అది నీ మేనత్త కాదు! ఎనుకకు ఒరుగు. మోకును నమ్ము!" అని తిట్టుడే తిట్టుడు. "సరే సార్" అనేది ఆయన. నన్ను సార్ అన్నడు బిడ్డా! అప్పటిదాక నన్నెవ్వడు అనలే.

చెట్టు కాడి పాఠం అయినంక ఆయన బడికి పోయి లాంతరు ముట్టిచ్చేది. లోపట ఒక్కడు లేకున్నా, అ, ఆ అని గొంతెత్తి చదివేది. నేను లోపటికి పోలే. గోడ అవుతల అరుగు మీద కూసుండి బీడి తాగేది, ఊకెనే. నాతోని ఇంకొందరు. మా ఆడోల్లు గా గోడకే ఆనుకొని చాటలు ఒళ్లె పెట్టుకొని బీడీలు చుట్టేటోల్లు. సారు గొంతు గోడ అవుతలికి ఇనవడేది.

నెలాఖరు వచ్చింది. ఐతారం. సారు ప్రార్థన చేసుకొని గదే తెల్లంగితోని వచ్చిండు. ఊరంత తాటిచెట్ల కిందనే ఉన్నది. ఎక్కిండు. సగం దాటిండు. నాకు లోపట భయం, ఈయన గెలుస్తడా ఏంది అని! గప్పుడు గాలి లేసింది. సారు కిందికి చూసిండు. ఇగ అంతే, మనిషి బిగుసుకపోయిండు. మీదికి పోడు, కిందికి రాడు.

నేను నా మోకు ఏసుకొని ఎక్కిన. ఆయన కాళ్లు నా నెత్తికాడికి వచ్చినయ్. "రాజగౌడూ, ఏదన్న మాట్లాడు, ఊకోకు" అంటుండు. ఏం మాట్లాడుదు? నోట్లకెల్లి ఏమొచ్చిందో తెలుసా? "అ" అన్న. సారు ఒక్క పట్టు కిందికి దిగిండు. "ఆ" అన్న, ఇంకో పట్టు. గట్ల ఊ దాక పోయినం. గాడ ఆగిన, తరువాతది యాదికొస్తలేదు. గప్పుడు కింద నుంచి ఒక ఆడగొంతు, "ఋ!" అన్నది. మీ నాయనమ్మ! ఇగ ఆమె ఎనుక చెట్ల కింద ఉన్నోల్లందరు ఎత్తుకున్నరు. ఊరంత చదువుతుంటె సారు భూమ్మీద కాలు వెట్టిండు.

"ఎక్కడ నేర్చినవ్?" అన్నడు నన్ను.

"చెవులకు మూత లేదు గద సారూ" అన్న.

నవ్విండు. నవ్వి, మోకు ఇప్పి నా చేతిల వెట్టి, "కొస దాక పోలేదు, ఓడిపోయిన. మాట మాటే. రేపటి నుంచి రాను" అని సైకిలు దిక్కు నడిచిండు. అందరు నా మొఖమే చూస్తున్నరు. నేను మొండోన్ని, తెలుసు గద? మాట ఎన్నడు ఎనుకకు తీసుకోలే.

సైకిలు హ్యాండిల్ వట్టుకున్న. "ఎక్కుడు ఎవడన్న ఎక్కుతడు సారూ. దిగుడే విద్య. నువ్వు దిగినవ్, నువ్వే గెలిచినవ్. ఇది నీ గురువు మాట, ఎదురు చెప్పకు" అన్న. గా పొద్దే బడిల చోటు సరిపోలే బిడ్డా! మీ నాయనమ్మ ముందటి వరుసల కూసున్నది, నన్ను ఎనుకకు నూకి.

తరువాత ఆయనకు సిరిసిల్లకు బదిలి అయింది. చూద్దమని పోయిన. బస్సుల కూసుండి తొవ్వ పొడుగూత బోర్డులన్ని పైకి చదువుకుంట పోతున్న. కండక్టరు "అన్నా, జర ఊకో, పిల్ల నిద్రపోతుంది" అన్నడు. ఊకుంటనా! పోయి చూద్దును గద, సారు ఒక పద్మశాలాయన ఇంట్ల మగ్గం మీద కూసున్నడు. పోగులన్ని చిక్కువడ్డయ్, ఆయన సారును తిడుతుండు. నాకు మండింది, మా సారును తిట్టే హక్కు నాది గద? సారేమో నన్ను చూసి చిన్నపిల్లగాని తీరుగ నవ్వుతుండు. "ఇక్కడ గుడ బడికి ఎవ్వరు వస్తలేరు రాజగౌడూ, అందుకే నేనే వచ్చి కూసున్న" అన్నడు. గదీ ఆయన పద్ధతి.

సారు ఇప్పుడు లేడు. ఉంటే నిన్ను చూసి ముందుగాల ఆయనే దండం వెట్టేది... ఎంత పెద్ద కొలువన్న చెయ్యి బిడ్డా, సల్లంగ ఉండు. నిన్ను తిట్టి నేర్పేటోడు ఎప్పటికి ఒకడు దొరకాలె నీకు. నువ్వు గుడ వానికి "సరే సార్" అనాలె. అంతే, ఇంకేం అడుగుత దేవుణ్ని...