ఎవరూ తినని బల్ల

ఆదివారం, పొద్దున పది. ముందుగదిలో పొడవాటి బల్ల. భార్య, భర్త.

"ఆ అట్టపెట్టెలు ఎందుకండీ ఈడ్చుకొస్తున్నారు? నేను బల్ల తుడవమన్నాను, అంతే."

"ఎత్తు రావాలే. అన్నీ ఒకే మట్టాన పెడితే బల్ల పడుకుని నిద్రపోతున్నట్టుంటుంది. పెట్టెలు బోర్లించి పైన గుడ్డ పరిచామనుకో, వెనక గిన్నెలు పైకి లేస్తాయి, ముందువి కిందుంటాయి. మెట్లు మెట్లుగా. చూసేవాడి కన్ను అలా ఎక్కుతూ పోవాలి."

"వచ్చేవాళ్లు కళ్లేసుకుని రావట్లేదు, కడుపులేసుకుని వస్తున్నారు. ఇరవై ఇద్దరు. ఒంటిగంటకి."

"ఇరవై నలుగురు."

"ఏంటీ?"

"మా షాపు సార్ వాళ్ల మేడమ్‌గారు చెల్లెల్నీ మరిదినీ కూడా తెస్తారట."

"ఎప్పుడు చెప్పారు?"

"నిన్న."

"నిన్న ఎప్పుడు?"

"మొన్న అనుకో. నువ్వు కోప్పడతావని..."

"ఇప్పుడు కోప్పడట్లేదా? సర్లెండి. బంగాళాదుంపలు ఇంకో నాలుగు ఉడకేస్తాను. అసలు ఇది సులువైన విందు అన్నదెవరు?"

"నువ్వే. పత్రికలో చూసి చదివి వినిపించావు. 'సులువుగా చేయండి, వచ్చినవాళ్లు నోరెళ్లబెడతారు' అని."

"అది రాసినావిడ వంట చేసుండదు, రాసి ఊరుకుని ఉంటుంది. నేను నాలుగింటికి లేచాను. కోడి కాల్చి చల్లార్చాను, చేప ఉడికించి ముల్లు తీశాను, గుడ్లు ఇరవై రెండు ఒలిచాను. ఒలిచిన గుడ్డు ఒక్కటీ నున్నగా రాలేదు. ఇంక ఇందులో సులువు ఎక్కడుందో మీరే వెతికి చెప్పండి."

"ఈ ఒక్కరోజు ఓపిక పట్టవే. కొత్త బ్రాంచికి మేనేజరు ఎవరన్నది ఈ వారం తేలిపోతుంది. బిల్లు కౌంటరు అతను పోయిన ఆదివారమే సార్‌ని భోజనానికి పిలిచాడు. మూడు రకాల సూపులు పెట్టాడట."

"పిలిచి మేపే బదులు నోరు తెరిచి అడగొచ్చుగా?"

"అడగలేదనుకుంటున్నావా? పందొమ్మిదేళ్లు. అడిగినప్పుడల్లా ఒకటే మాట. 'రేపు పొద్దున తొమ్మిదింటికి రా, ఆలోచిద్దాం.' తొమ్మిదింటికి వెళ్తాను. 'ముందు ఆ కిటికీ సంగతి చూడు' అంటారు. అద్దం వెనక్కి వెళ్లి చేరతాను. పింగాణీ దుకాణంలో కిటికీ సర్దేవాడికి పేరెందుకనేమో, అందరూ నన్ను కిటికీ అనే పిలుస్తారు. పిల్లలు అద్దం మీద కొట్టి చూస్తారే, నేను కదులుతానా లేదా అని."

"ఎప్పుడూ చెప్పలేదే నాకు."

"చెప్పుకునే సంగతా అది? పందొమ్మిదేళ్లుగా ఎవరూ తినని బల్లలు సర్దుతున్నాను. ఒక్కసారి, ఒక్కసారన్నా తినే బల్ల సర్ది చూపించాలి ఆయనకి. వీడికి కిటికీ ఒక్కటే కాదు, మనుషుల్ని కూడా నడపడం వచ్చు అనుకోవాలి."

"సరే. అయితే ఆ ప్లేట్లు మధ్యలోంచి తీసెయ్యండి."

"మధ్యలోనే బాగుంటాయే. విసనకర్రలా పరుస్తాను."

"పరిస్తే వచ్చినవాళ్లు అక్కడే గుమిగూడతారు. ప్లేట్లు గుమ్మం వైపు, మొదట్లో, ఒకదానిమీద ఒకటి. తర్వాత బ్రెడ్డు, బంగాళాదుంపలు, గుడ్లు, ఆకుకూర. ఆ తర్వాత కోడి. చేప చిట్టచివర. ఫోర్కులు, చేతిరుమాళ్లు అవతలి కొసన."

"ఫోర్కులు అంత దూరానా?"

"ముందే ఇస్తే ఒక చేతిలో ప్లేటు, ఒక చేతిలో ఫోర్కు. వడ్డించుకోడానికి మూడో చెయ్యి మీరిస్తారా? బల్ల గోడకి జరిపారెందుకు, ఇటు లాగండి. రెండువైపులా నడవాలి."

"ఇవన్నీ నీకెవరు చెప్పారే?"

"ఎవరు చెప్పాలి? కంటాసుపత్రిలో టోకెన్లిస్తాను నేను. చుక్కల మందు వేసుకుని ముందేముందో కనపడని రెండొందల మందిని రోజూ ఒక్క వరుసలో నడిపిస్తాను, ఒకరి కాలు ఒకరు తొక్కకుండా. కళ్లు బాగున్న ఇరవై నలుగురు నాకొక లెక్కా?"

"అది కాదూ... ఒకటి అడగనా?"

"అడగండి."

"ఇదంతా నేనే ఆలోచించానని చెప్పుకోనా సార్‌తో? నువ్వు ఊరికే సాయం చేశావని."

"చెప్పుకోండి."

"నీకేమీ అనిపించదుగా?"

"అనిపిస్తే ఏం చేస్తారు?"

"అంటే..."

"అనిపించదులెండి. వెళ్లి ప్లేట్లు పేర్చండి. షాపు నుంచి అడిగి తెచ్చినవి, జాగ్రత్త. మన ఇంట్లో ఉన్నవి ఆరే, అందులో రెండిటికి అంచుల్లేవు."

"ప్లేట్ల సంగతి నాకు చెబుతున్నావా?"

"ఏమండీ, వంటింట్లోకి ఏదో వాసనొస్తోంది."

"ఏం వాసన?"

"బంక వాసన."

"చేపేమో."

"చేపకి బంక వాసన ఎందుకొస్తుంది? ప్లేట్లు పేర్చారా?"

"పేర్చాను. వచ్చి చూడు, గీత గీసినట్టున్నాయి. నేనొకసారి సర్దానంటే వీధిలో లారీలు పోయినా ఇసుమంత కదలదు. షాపులో ఎవర్నైనా అడుగు."

ఒంటిగంటన్నర. వంటింటి తలుపు దగ్గర వాళ్లిద్దరే. ముందుగది నిండా మనుషులు.

"ఏమండీ, ఇలా రండి. వరుస కదలట్లేదు."

"మొహమాటం. పెద్దవాళ్లు ముందు తీసుకోవాలని ఆగారేమో."

"పెద్దవాళ్లే ముందున్నారు. పది నిమిషాల నుంచి చూస్తున్నాను. ఒక్కరి చేతిలో ప్లేటు లేదు."

"బల్ల అందం చూస్తున్నారే. చెప్పానా, కన్ను అలా ఎక్కుతూ..."

"ముందు నేను చెప్పేది వినండి. బిల్లు కౌంటరు అతను ప్లేటు పట్టుకున్నాడు. లాగాడు. అటూ ఇటూ చూశాడు. 'మంచి బరువుంది' అని వదిలేశాడు. వాళ్లావిడ పట్టుకుంది. గోరుతో టింగుమని కొట్టి, 'నాణ్యమైన సరుకు' అంది. మేడమ్‌గారి చెల్లెలు అంచు నిమిరి వెళ్లి సోఫాలో కూర్చుంది."

"పింగాణీ వ్యాపారం వాళ్లు కదే, అలాగే చూస్తారు."

"మీ సార్ కూడా పట్టుకున్నారు. రెండు చేతులతో. పట్టుకుని 'అబ్బ, ఏం నునుపు' అన్నారు. మొహం ఎర్రబడింది. అంత ఎర్రగా అవడానికి నునుపులో ఏముందండీ?"

"ఎన్ని ప్లేట్లు లేచాయన్నావు?"

"ఒక్కటీ లేవలేదంటున్నాను. ఏం చేశారు?"

"నేనేం చెయ్యలేదే. చెయ్యి చేసేసింది."

"ఏం చేసింది?"

"ప్లేటుకీ ప్లేటుకీ మధ్య ఒక్క చుక్క. ఒక్కటంటే ఒక్కటే చుక్క. కిటికీలో అలా వెయ్యకపోతే జారిపోతాయి. పందొమ్మిదేళ్ల అలవాటే. నేను నీ మాటలు వింటున్నాను, చెయ్యి దాని పని అది చేసుకుపోయింది."

"ఇరవై నాలుగూనా?"

"అడుగుది బల్లగుడ్డకి కూడా."

"అయ్యో నా తల్లీ."

"వేణ్ణీళ్లు పోస్తే ఊడతాయేమో?"

"ఎంతసేపట్లో?"

"రాత్రికి. అయిపోయిందే. అంతా అయిపోయింది. ఇంక పోయేదాకా ఆ అద్దం వెనకే నేను. అదిగో, మేడమ్‌గారు చేతిసంచీ సర్దుకుంటున్నారు. వెళ్లిపోతారేమో. నేను వెనక తలుపులోంచి..."

"వెనక తలుపు మనకి లేదు. మూడో అంతస్తులో ఉన్నాం. ఏడవకండి, కత్తి ఇవ్వండి. కత్తంటే చిన్నది కాదు, బ్రెడ్డు కోసేది."

"ఏం చేస్తావు?"

"పెద్ద బ్రెడ్డులు ఎన్నున్నాయి? ఆరు. అడ్డంగా కాదు, నిలువుగా కోస్తాను, అరచేతంత వెడల్పున, మందంగా. ప్లేటు బదులు బ్రెడ్డు. దానిమీదే అన్నీ పెట్టుకుంటారు, చివర్న ప్లేటు కూడా తినేస్తారు. మీరు చేతిరుమాళ్లు ఇటు కొసకి తెచ్చి పడెయ్యండి."

"ప్లేట్లు అమ్మేవాడి ముందు ప్లేటు లేకుండా భోజనం పెడతావా?"

"ఆయన మొహం చూడలేకపోతే ఆకుకూర చూస్తూ నిలబడండి. నేను చెబుతాను వాళ్లకి. 'ఇవాళ ప్లేట్లు చూడ్డానికి, బ్రెడ్డు తినడానికి' అంటాను. అటువైపు పన్నెండు మంది, ఇటువైపు పన్నెండు మంది. నంబరు పిలుస్తాను, పిలిచినవాళ్లు రావాలి."

"నంబరా? విందులో నంబరేంటే?"

"నాకు అలాగే వచ్చు. తప్పుకోండి."

పావుగంట తర్వాత. ఆమె వంటింటి తలుపు దగ్గరికి తిరిగొచ్చింది.

"ఏమంటున్నారే?"

"విన్నారుగా."

"చెవులు మూసుకున్నాను."

"మేడమ్‌గారు ఇది విదేశాల్లో ఎప్పుడో చూశారట. ఇప్పుడంతా ఇదే నడుస్తోందట, ప్లేట్లలో తినడం పాత పద్ధతట. చెల్లెలు కూడా అవునంది. బిల్లు కౌంటరు అతను అయితే నాలుగేళ్లుగా ఇంట్లో ఇలాగే తింటున్నాడట."

"నాలుగేళ్లా? వాడు పోయినవారం సూపు పెట్టాడే."

"సూపు సంగతి నేనూ అడిగాను. నీళ్లు తాగుతూ అటు తిరిగిపోయాడు."

రెండున్నర. వంటింట్లోకి దుకాణం యజమాని వచ్చాడు. చేతిలో సగం తిన్న బ్రెడ్డు ముక్క.

"ఏం కిటికీ, ఇక్కడ దాక్కున్నావా?"

"లేదు సార్. కాఫీ... కాఫీ చూస్తున్నాను సార్."

"పొయ్యి వెలగట్లేదు."

"అవును సార్."

"ముప్పై ఏళ్లుగా ప్లేట్లు అమ్ముతున్నాను నేను. నా ముందు, నా స్టాఫు ముందు, ప్లేటు లేకుండా అన్నం పెట్టావు. రేపు ఊరంతా బ్రెడ్డు మీద తినడం మొదలుపెడితే మన షాపు గతేంటి?"

"సార్, అది... కొత్త పద్ధతి సార్. విదేశాల్లో..."

"అది మా ఆవిడకి చెప్పుకో, వింటుంది. ప్లేట్లు అంటుకుపోయాయి. ఆ జిగురు కొన్నది నేనే."

"క్షమించండి సార్."

"క్షమించేది తర్వాత. ఈ బల్ల ప్లాను ఎవరిది?"

"నాదే సార్. అంతా నేనే సార్. మా ఆవిడ ఊరికే సాయం... ఊరికే పక్కన నిలబడింది."

"అవునామ్మా?"

"ఆయన అన్నారుగా సార్."

"మంచిది. అయితే చెప్పు కిటికీ, చేప చివర్న ఎందుకు పెట్టావు?"

"చేప... తెలుపు కద సార్. ఆ చివర వెలుతురు పడుతుంది. తెలుపు మెరుస్తుంది."

"అమ్మా, మీరు చెప్పండి."

"చేప తక్కువుంది సార్. అక్కడికొచ్చేసరికి చేతిలో చోటుండదు, తలో ముక్క తీసుకుంటారు. అందరికీ అందుతుంది."

"దానికి టీ చెంచా పెట్టిందెందుకు? కిటికీ?"

"పెద్ద గరిటె రంగు కుదరలేదు సార్."

"అమ్మా?"

"పెద్ద గరిటె పెడితే మొదటి ఆరుగురే ఊడ్చేస్తారు సార్. మనుషులు తినేది ఆకలి చూసి కాదు, గరిటె చూసి."

"బంగాళాదుంపలు పెద్ద గిన్నెలో కొండలా ఉండాలిగా, చిన్న గిన్నెలో ఎందుకున్నాయి?"

"పెద్ద గిన్నె సగం ఖాళీ అయితే అయిపోయినట్టుంటుంది సార్. చిన్నది నిండుగా ఉంటే ఎంతసేపైనా నిండుగానే ఉంటుంది. నాలుగుసార్లు నింపాను. ఎవరూ చూళ్లేదు."

"నేను చూశాను. ఇంకోటి కూడా చూశాను. నా స్టాఫు పద్దెనిమిది మంది. ముప్పై ఏళ్లలో నేను అరిచినా, బతిమాలినా ఒక్కరోజు ఒక వరుసలో నిలబడలేదు. ఇవాళ మీరు 'ఏడో నంబరు' అంటే ఏడో నంబరు వచ్చింది. నాది పదకొండు. నా వంతు వచ్చేదాకా నోరు మూసుకుని నిలబడ్డాను. కోపం రావాలి కదా, రాలేదు. ఎందుకు రాలేదా అని బ్రెడ్డు నములుతూ ఆలోచించాను."

"మర్చిపోండి సార్, అలవాటులో పిలిచేశాను. ఆసుపత్రిలో..."

"ఆసుపత్రిలో మీకు నెలకి ఎంతిస్తారో దానిమీద నేను కొంత వేసిస్తాను. కొత్త బ్రాంచికి మేనేజరుగా రండి."

"సార్?"

"నిన్ను కాదు కిటికీ, ఆవిడతో మాట్లాడుతున్నాను. ఏమ్మా?"

"నేనా సార్? నాకు పింగాణీ గురించి ఏం తెలుసు?"

"పింగాణీ గురించి తెలిసినవాళ్లు పద్దెనిమిది మంది ఉన్నారు నా దగ్గర. ఇవాళ ఒక్కడికైనా ప్లేటు రాలేదని చెప్పే ధైర్యం వచ్చిందా? నాతో సహా. ఇంట్లో సంప్రదించుకుని చెబుతారా, ఇప్పుడే చెబుతారా?"

"సంప్రదించాల్సినాయన ఇక్కడే ఉన్నారు సార్. పొద్దున ఆయనే అన్నారు, మనుషుల్ని నడపడం వచ్చినవాళ్లు కావాలని. ఒప్పుకుంటున్నాను."

"సార్... సార్, మరి నేను? నా సంగతేంటి సార్? పందొమ్మిదేళ్లు సార్."

"నన్నడుగుతావేం? కొత్త షాపులో ఎవరు కిటికీలో ఉండాలో, ఎవరు బయట ఉండాలో అది మేనేజరు గారి ఇష్టం. అడుగు."

"ఏమే... చెప్పవే. ఇంక కిటికీ వద్దే నాకు. చెప్పవే సార్‌తో."

"రేపు పొద్దున తొమ్మిదింటికి రండి, ఆలోచిద్దాం."