చేయి పట్టుకున్న ఫొటో

చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ కింద ప్రచార జీపు ఆగి ఉంది. ఏళ్లపాటు నర్సుగా పనిచేసి, ఇప్పుడు లోక్‌సభకు నిలబడుతున్న ఆమెతో ప్రచారం చూసుకునే అతను మాట్లాడుతున్నాడు.

“అక్కా, ఢిల్లీ నుంచి ఫోనొచ్చింది. ఈ ఫొటోకు జవాబు చెప్పకుంటే టికెట్ ఇంకొకరికి ఇస్తరంట.”

“ఏ ఫొటో తమ్మీ?”

“నిన్న కిషన్‌బాగ్‌ల మన మీద పోటీ చేసేటాయన ఎదురొస్తే చెయ్యి పట్టుకొని ఇడువలేదు కదా. ఇద్దరు లోపల్లోపల కలిసిపోయిన్రని టీవీల ఒకటే లొల్లి.”

“షేక్‌హ్యాండే ఇచ్చిన.”

“షేక్‌హ్యాండ్ ఇచ్చేటోళ్లు మణికట్టు పట్టుకోరక్కా. గడియారం అసలే చూడరు.”

“చేతికొచ్చిన చెయ్యి నాడి చూడకుంట ఎట్ల ఇడుస్త? మస్తు తప్పుతుండె. దవాఖానకు పో అన్నా అని చెప్పిన.”

“పోయిండా?”

“పోయిండు. చేర్చుకున్నరు. ఫికర్ లేదంట.”

“ఢిల్లీకి ఇదే చెప్పాలెనా?”

“ఉన్నది చెప్పు. ఆయన మంచిగ లేకుంటే నేను ఎవరిని ఓడిస్త?”

“రేపు ఢిల్లీకెల్లి మన పార్టీ పెద్దసారే మనింటికి వస్తుండు. నీకు దండం పెడ్త, దూరంకెల్లి నమస్తే పెట్టు.”

“నమస్తేనే పెడ్త తియ్యి. చెప్పులిడిచి లోపలికి రమ్మను. టీవీల చూసిన, కాళ్లు వాచినట్టున్నయి.”