పట్టాలు జరిపించిన ఫొటో

రైల్వే స్టేషన్‌కి ఎదురుగా ఉన్న టీ కొట్టు యజమానురాలు ఫొటోలు తీసే క్లిక్కుకి స్వయానా పిన్ని. ఆవిడ చిన్న కూతురి పెళ్లి దగ్గరపడింది గానీ, ఫొటోలు ఎవరు తీయాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. అక్క కొడుకుని కాదంటే అక్క ఊరుకోదు, అవునంటే కూతురు ఊరుకోదు. ఆ సంగతి పసిగట్టే క్లిక్కు పొద్దున్నే కెమెరా సంచి భుజాన తగిలించుకుని వచ్చి బెంచీ మధ్యలో కూర్చున్నాడు. అతని పక్కన పొరుగు షాపు టైలరు టీ ఊదుకుంటున్నాడు. లోపల పెళ్లికూతురు గ్లాసులు కడుగుతోంది.

"పెద్దగా చెప్పుకోవడం నాకు అలవాటు లేదు పిన్నీ, అడిగారు కాబట్టి చెబుతున్నా."

"ఎవరు అడిగారు?" అన్నాడు టైలరు.

"అడగబోతున్నారు కదా మామయ్యా, అంతలో తొందరెందుకు? నాకు అల్లికలంటే పిచ్చి. చెట్టులో అల్లిక, కట్టడంలో అల్లిక, రైలు పట్టాల్లో అల్లిక, ఎక్కడ గీతలు కలుసుకుంటే అక్కడ నా కెమెరా. మొదట మా పెరట్లో సాలెగూడు తీశా. తెల్లారకుండా లేచి, మంచు చుక్కలు దారాల మీద నిలిచేదాకా మోకాళ్ల మీద కూర్చున్నా. అంతా బాగానే ఉంది, ఒక మూల మాత్రం దారం వదులుగా ఉంది. సాలీడు వైపు చూసి, 'ఇదేం పనమ్మా' అన్నా. అంతే, గబగబా వచ్చి బిగించి పక్కన నిలబడింది."

"దానికి నీ భాష వచ్చా?"

"కళ వచ్చు మామయ్యా, భాషెందుకు? తర్వాత ఒక రావి ఆకు తీశా. ఈనెలు ఎంత స్పష్టంగా పడ్డాయంటే, ఆ ఫొటో చూసిన డాక్టరుగారు దాని మీద వేలు పెట్టి కాసేపు కళ్లు మూసుకుని, 'నాడి కాస్త వేగంగా ఉంది, నీళ్లు ఎక్కువ పట్టించు' అన్నారు. పట్టించా. ఫొటో చివర చిగురేసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"కాయలు కాసిందా?" అంది పిన్ని పాలు పొంగకుండా మంట తగ్గిస్తూ.

"వెక్కిరించకు పిన్నీ. స్టేషన్ వాళ్లు కబురు పెట్టారు. ఆ కప్పు చూశారుగా, కమ్మీ మీద కమ్మీ, అడ్డంగా ఒకటి, ఐమూలగా ఇంకోటి, మొత్తం ఇనుప వల. ప్లాట్‌ఫారం మీద వెల్లకిలా పడుకుని తీశా. పెద్ద సైజులో వేయించి తీసుకెళితే ఇంజనీర్లు పైకీ కిందకీ చూసి, ఏది కప్పో ఏది ఫొటోనో తేల్చుకోలేకపోయారు. సరిగ్గా అప్పుడే వాన. కప్పు కారింది. ఏం చేస్తారు పాపం, కారే చోట నా ఫొటో కట్టారు. చుక్క పడితే ఒట్టు!"

"మొన్న నా తల మీద పడిందేమిటి మరి?"

"అది నా ఫొటో లేని వైపు మామయ్యా. అక్కడితో అయిందనుకున్నారా? అసలుది పట్టాలు. స్టేషన్ దాటాక లైన్లన్నీ విడిపోయి మళ్లీ కలుస్తాయే, ఆ చోటు. సిగ్నల్ స్తంభం ఎక్కి చూశా. అద్భుతం. కానీ ఒక్క లైను, చివరిది, కొంచెం ఎడంగా పోయి నా ఫ్రేము పాడుచేస్తోంది. స్టేషన్ మాస్టర్‌ని పిలిచి, 'దీన్ని మూరెడు ఇటు జరపండి' అన్నా. ఆయన మారు మాట్లాడలేదు. బండ్లన్నీ ఆపేసి, గ్యాంగు మనుషుల్ని దింపి జరిపించారు. తీశా. తీసిన ఫొటో ఆరబెడదామని లైను పక్కన నిలబెట్టానా, గూడ్సు బండి ఒకటి వచ్చి, ఇవే పట్టాలనుకుని సరాసరి ఫొటోలోకి వెళ్లిపోయింది!"

టైలరు గ్లాసు కింద పెట్టాడు. "మొత్తం బండే?"

"గార్డు పెట్టె ఒక్కటే బయట మిగిలింది. దాన్ని పట్టుకుని అందరం వెనక్కి లాగితే అప్పుడొచ్చింది. డ్రైవరు దిగి నాకు దండం పెట్టి, 'లోపల దారి బయట కన్నా నున్నగా ఉందండీ' అన్నాడు. అలాంటి చెయ్యి పిన్నీ ఇది. చెల్లి పెళ్లికి ఈ చేతిని వదిలి ఎవరినో పిలుస్తావా?"

పిన్ని నీళ్లు నమిలింది. "అక్క కూడా రాత్రి అదే అంది. సరేలే, మనవాడే కదా..."

లోపల గ్లాసుల చప్పుడు ఆగింది. పెళ్లికూతురు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"అన్నయ్యా, ఇన్ని తీశావు కదా, స్టేషన్ ఫొటోలో జనం ఉన్నారా?"

"స్టేషన్ నిండా కిక్కిరిసి ఉన్నారే! అందరినీ పక్కకు తప్పుకోమన్నా. మనుషులు అడ్డొస్తే గీతలు చెడిపోవూ? మొహాలదేముంది, ఎక్కడైనా దొరుకుతాయి."

పెళ్లికూతురు తల్లి వైపు తిరిగింది. "విన్నావామ్మా? అక్క పెళ్లి ఫొటోలు తీసినప్పుడూ ఇదే మాట. ఆల్బమ్‌లో పందిరి తాళ్లు ఒక్కటీ వదల్లేదు. కుర్చీల నవారు పడింది, పైన లైట్ల వైర్లు పడ్డాయి. అక్క జడ కూడా పడింది, వెనక నుంచి. పడనిదల్లా బావ ఒక్కడే. మొన్న బావ ఆఫీసులో ఆల్బమ్ చూపిస్తే, 'సెలవు దొరకలేదా, పెళ్లికి వెళ్లలేకపోయావు పాపం' అన్నారట."

టైలరుకి టీ ముక్కులోకి ఎక్కింది.

"అది కళ!" అన్నాడు క్లిక్కు. "బావగారికి అర్థం కాలేదంతే."

"అర్థమైందిరా," అంది పిన్ని. "అందుకే నీ పేరెత్తితే లేచి వెళ్లిపోతున్నాడు. మీ అమ్మకి నేను చెప్పుకుంటాలే. బజార్లో కొత్తగా పెట్టిన స్టూడియో ఆయన్ని ఈ రోజే పిలిపిస్తా."

క్లిక్కు సంచి సర్దుకుంటూ లేచాడు. మొహం మాడిపోయింది.

"నువ్వు మాత్రం తప్పకుండా రావాలి అన్నయ్యా," అంది పెళ్లికూతురు. "ఉత్త చేతులతో వచ్చి మా పక్కనే నిలబడు. నీ మొహం కూడా ఎక్కడైనా దొరికేదే, అయినా మా ఆల్బమ్‌లో ఉండాలి."