ఆలివ్ చెట్టు మీద పిగిలిపిట్ట

కెనడా పడమటి వైపు ఒసోయూస్ ఊరి చివర, ఇసుకనేల అంచున ఒక అద్దె ఇల్లు. అక్టోబరు ఉదయం.

"ఎంతమంది అన్నావు?"

"లెక్కపెట్టలేదు. కిటికీ దగ్గరికి రా, నువ్వే చూడు."

"ఎందుకొచ్చారు? దేవీ, నిన్నే. మన గేటు ముందు అన్ని కార్లెందుకున్నాయి?"

"పిట్ట కోసం."

"ఏ పిట్ట?"

"నేను చూశానన్న పిట్ట. నువ్వు లేదన్న పిట్ట."

"మళ్ళీ మొదలెట్టావా?"

"టీ చల్లారిపోతోంది. తాగు రేవంత్."

"టీ సంగతి తర్వాత. వీళ్ళకెవరు చెప్పారు?"

"నేనే."

"ఎలా? నీ ఫోన్ రిపేరుకిచ్చాం కదా."

"ఇచ్చావు. ఎండాకాలంలో ఇచ్చావు."

"పార్ట్ దొరకట్లేదట. చెప్పానా, లేదా?"

"చెప్పావు. నేను టాబ్లెట్‌లోంచి పెట్టాను."

"టాబ్లెట్‌లో వాట్సాప్ లేదు, మెయిల్ లేదు. డాక్టర్ స్క్రీన్ తగ్గించమంది కాబట్టి అన్నీ తీసేశాను."

"వంటల వీడియోలుంచావు. పిట్టల యాప్ ఉంచావు. కాలక్షేపంగా ఉంటుంది, చూసినవి అందులో రాసుకో అన్నావు. రాసుకున్నాను."

"రాసుకోమన్నాను. ఊరంతా చాటమనలేదు."

"అందులో రాస్తే అందరికీ వెళ్తుందని నాకేం తెలుసు."

"నిజంగా తెలీదా?"

"తెలీదనే అనుకో."

"ఏం రాశావసలు?"

"చూసింది. నల్లగా నిగనిగలాడుతూ, పిగిలిపిట్టలా నెత్తిమీద జుట్టు. కళ్ళు ఎర్రగా. కూర్చుంటే ఒట్టి నలుపే. ఎగిరితే మాత్రం రెక్కల్లో తెల్లటి కిటికీలు తెరుచుకున్నట్టుంటుంది. వంటింటి ఎదురుగా ఆలివ్ చెట్టు మీద, పళ్ళు తింటూ. అడ్రస్ కూడా ఇచ్చాను."

"పిగిలిపిట్ట. కెనడాలో. అక్టోబర్‌లో."

"పిగిలిపిట్ట అనలేదు. పిగిలిపిట్టలా అన్నాను."

"ఇలా వచ్చి కూర్చో. నా వైపు చూడు. తెనాలిలో మీ పెరటి గోడ మీద పిగిలిపిట్టలు వాలేవని నాకు ఎన్నిసార్లు చెప్పావు? మనసు బాగోలేనప్పుడు బుర్ర అలాంటివే తెచ్చి చూపిస్తుంది. ఇది నా మాట కాదు, డాక్టరే అంది."

"నాతో అనలేదు. నీతో అందని నువ్వు చెప్పావు."

"తేడా ఏముంది?"

"ఏమో. ఉందేమోనని ఆలోచిస్తున్నాను."

"ఇదిగో, ఇలా ఆలోచించే ఇంత దాకా వచ్చింది. ఆ బ్లైండ్స్ దించు ముందు. టెలిస్కోపులన్నీ ఇటే తిప్పి పెట్టుకున్నారు."

"చెట్టు వైపు."

"చెట్టు వెనక మన వంటిల్లు. నేనిక్కడ షర్టు లేకుండా నిలబడ్డాను."

"వేసుకో. కుర్చీ మీదే ఉంది."

"బ్లైండ్స్ దించమన్నాను."

"కదిపితే ఎగిరిపోతుంది."

"లేని పిట్ట ఎగిరిపోతుందా?"

"లేదని తేలేదాకా ఉండనీ."

"పొద్దస్తమానం ఆ కిటికీ దగ్గరే కూర్చుంటే లేనివే కనిపిస్తాయి మరి."

"ఇంకెక్కడ కూర్చోను? గేటు దాటద్దన్నావు, పాములుంటాయని."

"ఉంటాయి. ఊళ్ళో బోర్డే పెట్టారు."

"అది నిజమే, బోర్డు నేనూ చూశాను. వాళ్ళంతా మాత్రం పొదల మధ్యే నిలబడ్డారు. ఇంతవరకూ ఎవరూ అరవలేదు."

"నీకిదంతా నవ్వులాటగా ఉందా? పదకొండింటికి డాక్టర్ కాల్ ఉంది మనకి."

"గుర్తుంది."

"నేను మాట్లాడతాను. నువ్వు పక్కన కూర్చుంటే చాలు."

"ఏం చెప్తావు?"

"ఉన్నదే. లేనివి కనిపిస్తున్నాయని, వినిపిస్తున్నాయని."

"మందు పెంచుతుందా?"

"పెంచచ్చు. లేదా కొన్నాళ్ళు హాస్పిటల్లో ఉంచమనచ్చు. అదీ మంచికే."

"ఎన్నాళ్ళు?"

"వాళ్ళు చెప్తారు. భయమెందుకు? నేనుంటాను కదా."

"అదే."

"అదే అంటే?"

"ఏం లేదు. లేనివి అన్నావు కదా. పిట్ట ఒకటి. ఇంకేం చెప్తావు?"

"ఇప్పుడవన్నీ ఎందుకు?"

"తెలిస్తే నేనూ సరిగ్గా చెప్తాను. ఇద్దరం చెరో మాట చెప్తే బాగోదు."

"మీ అక్క గొంతు. ఆదివారం నా ఆఫీసు గదిలోంచి సుప్రజ గొంతు వినిపించిందని ఏడ్చావు. గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను, మీటింగ్‌లో."

"ఆదివారం మీటింగ్."

"సర్వర్ పడిపోయింది దేవీ. ఎన్నిసార్లు చెప్పాలి?"

"'దానికివ్వు రేవంత్, ఒక్క నిమిషం' అంది. నువ్వు 'పడుకుంది వదినా' అన్నావు. నేను తలుపు అవతలే నిలబడి ఉన్నాను."

"మాత్రేసుకుని పడుకున్నావు. కల అది."

"కాళ్ళు చల్లగా ఉన్నాయి, చెప్పుల్లేకుండా నేలమీద."

"కలలోనూ చలేస్తుంది."

"వేస్తుంది. అందుకే నేనూ నమ్మాను."

"ఇంకేం, నమ్మావు కదా."

"కారు తాళం కూడా చెప్తావా?"

"చెప్పాలి కదా. ఎక్కడో పెడతావు, మేకుకే తగిలించానంటావు. చివరికి ఏ సోఫా కిందో దొరుకుతుంది."

"ఎప్పుడూ నీకే దొరుకుతుంది."

"వెతికేవాడికి దొరుకుతుంది. నాతో ఇలా మాట్లాడకు. ఎటోబికోలో మన పాత ఫ్లాట్ బాల్కనీ మర్చిపోయావా? పధ్నాలుగో అంతస్తు. మంచు పడుతుంటే ఒట్టి నైటీతో నిలబడ్డావు. ఎంతసేపు నిలబడ్డావో నీకే తెలీదు. వేళ్ళు నీలంగా అయిపోయాయి. లోపలికి లాక్కొచ్చింది నేను. ఆ రోజునుంచి నాకు నిద్ర లేదు. ఆఫీసులో వాళ్ళ కాళ్ళూ వేళ్ళూ పట్టుకుని రిమోట్ చేయించుకుని ఇక్కడికి తెచ్చాను నిన్ను. సరస్సుంది, జనం లేరు, నెమ్మదిస్తావని."

"అది నిజం. పాప చనిపోయిన వారమే. నాకంతా గుర్తుంది."

"అందుకే అంటున్నాను."

"దూకుదామని వెళ్ళలేదు. లోపల ఊపిరాడక వెళ్ళాను."

"ఆ తేడా నీకు తెలుసు. వెనకనుంచి చూసిన నాకెలా తెలుస్తుంది?"

"నువ్వు అడిగుంటే చెప్పేదాన్ని. ఇప్పుడైతే నాకూ అనుమానమే. అన్నీ నువ్వే చెప్తావు కదా, ఏది నేను చూసిందో ఏది నువ్వు చెప్పిందో కలిసిపోయాయి."

"చూశావా, నీ నోటితో నువ్వే ఒప్పుకుంటున్నావు. సరే. నేను వెళ్ళి వాళ్ళతో మాట్లాడి పంపించేస్తాను. మా ఆవిడకి ఒంట్లో బాలేదు, పొరపాటున పెట్టింది, సారీ అని."

"చెప్పు."

"ముందు ఆ టాబ్లెట్ ఇలా ఇవ్వు."

"బియ్యం డబ్బాలో ఉంది."

"బియ్యం డబ్బాలోనా?"

"ఈసారి పెట్టిన చోటే దొరుకుతుందో లేదో చూద్దామని."

"దేవీ, నువ్వు... ఎవరో తలుపు కొడుతున్నారు."

"నీకూ వినిపించిందా?"

"వెటకారాలు వద్దు. నువ్వు గదిలోకి వెళ్ళు."

"వెళ్ళను."

"వెళ్ళమంటున్నానా."

"పెద్దాయనెవరో అద్దంలోంచి చూస్తున్నాడు. తలుపు తియ్యి, బాగోదు."

"నమస్కారం బాబూ. రిపోర్ట్ కింద పేరు చూసి తెలుగువాళ్ళేనని ధైర్యం చేసి కొట్టాను. నన్ను కోటేశ్వరరావంటారు. ఒషావాలో కార్ల ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాను. ఇప్పుడు పెంటిక్టన్‌లో అమ్మాయి దగ్గరుంటున్నాం. దేవిశ్రీ గారంటే..."

"మా ఆవిడండీ. తనకి ఒంట్లో బాలేదు. ఆ రిపోర్టేదో పొరపాటున..."

"నేనే అంకుల్."

"నువ్వేనా తల్లీ. ఎవరో పెద్దావిడ అనుకున్నాను."

"సార్, నా మాట వినండి. తను మందుల మీద ఉంది. అప్పుడప్పుడూ లేనివి కనిపిస్తుంటాయి. మీరింత దూరం వచ్చారు, మీ అందరికీ శ్రమ..."

"మందుల మీద ఎవరు లేరు బాబూ? మా శాంతకి షుగరు, నాకు బీపీ. ఆవిడ కార్లోనే కూర్చుంది, మోకాళ్ళ నొప్పులు. ఒళ్ళో ఉప్మా డబ్బా, వెనక సీటంతా నా ట్రైపాడ్లు. పిట్టలు కావాలా, నేను కావాలా అని ఇప్పుడే తిట్టింది కూడా."

"అంకుల్, మీరు నేను రాసింది చదివారా?"

"చదివి మొదట నవ్వానమ్మా. పిగిలిపిట్టేంటి ఇక్కడ అని."

"విన్నావా దేవీ?"

"ఆగు బాబూ. తర్వాత రెక్కల్లో తెల్లటి కిటికీలన్న ముక్క దగ్గరికొచ్చాను. అంతే, నవ్వాగిపోయింది. పుస్తకంలో చదివి రాసేవాళ్ళు తెల్ల మచ్చ అని రాస్తారు. కిటికీ తెరుచుకున్నట్టు అని రాయాలంటే, అది ఎగరడం కళ్ళారా చూసుండాలి. శాంతని లేపి, చీకటితోనే బయల్దేరాం."

"ఉందా?"

"ఏంటమ్మా?"

"చెట్టు మీద. ఉందా అంకుల్?"

"ఉందా అంటావేంటి? మేమందరం ఆ చలిలో నిలబడి చూస్తున్నది దాన్నే. ఇదిగో, కెమెరాలో చూడు. ఇది పొద్దున తీసింది. ఇది ఇందాకటిది, పండు నోట్లో ఉంది చూడు."

"కళ్ళు..."

"ఎర్రగా ఉంటాయి. ఫైనోపెప్లా అని దాని పేరు, మా ఆవిడకి నోరు తిరగదు. మెక్సికో, ఆరిజోనా ఎడారుల్లో పిట్ట. ఈ దేశంలో కనిపించడం ఎంత అరుదో చెప్పలేను. వాంకూవర్ నుంచి జనం బయల్దేరారు. ఇందాక ఒకాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు."

"అందరికీ కనిపించిందా?"

"అందరికీ."

"రేవంత్, నువ్వూ చూడు."

"చూశాను."

"ఏం కనిపించింది?"

"పిట్ట."

"ఎలా ఉంది?"

"పెద్దాయన ముందు ఏంటిది?"

"ఎలా ఉందో చెప్పు."

"నల్లగా ఉంది. జుట్టుంది. సరేనా? పొరపాటు నాదే. అందరూ చూసుకుని వెళ్ళాక తీరిగ్గా మాట్లాడుకుందాం."

"ఇది దారి తప్పిందా అంకుల్?"

"తప్పిందనే అంటారు. ఈ రోజుల్లో పిట్టలన్నీ దక్షిణానికి పోతాయి కదా. ఎక్కడో ఒకదానికి లోపలి దిక్కు తిరగబడి ఇలా ఉత్తరానికొస్తుంది. దానికేం అనుమానం ఉండదమ్మా. సరైన దారే అనుకుని దర్జాగా ఎగిరొస్తుంది."

"తిరిగి వెళ్ళగలదా?"

"చలి ముదరకముందు కదిలితే వెళ్తుంది. ఈ ఇసుకా ఈ పొదలూ చూసి తన ఎడారే అనుకుని ఉండిపోయిందనుకో, కష్టం. మంచు పడితే ఆ చెట్టు మీద ఏం మిగులుతుంది తినడానికి?"

"సార్, మీరేమీ అనుకోకపోతే, మాకు డాక్టర్ కాల్ టైమవుతోంది. తను కాస్త రెడీ అవ్వాలి."

"అయ్యో, వెళ్తాను బాబూ. మేం గేటు బయటే ఉంటాం, లోపలికి రాం. వస్తానమ్మా. మంచి కళ్ళు నీవి."

"అంకుల్, ఒక్క నిమిషం. మీ ఫోనొకసారి ఇస్తారా?"

"ఎందుకు దేవీ? నా ఫోన్ ఉంది కదా."

"మా అక్కతో మాట్లాడాలి అంకుల్. లండన్‌లో ఉంటుంది, ఇక్కడి లండనే, ఒంటారియోలో."

"సాయంత్రం నేనే కలిపిస్తాను. ఇప్పుడు తను డ్యూటీలో ఉంటుంది."

"ఉంటే తియ్యదు. నంబరు నాకు నోటికొచ్చు."

"పిట్ట ఒకటి నిజమైందని నువ్వనుకునేవన్నీ నిజమైపోతాయా?"

"అవ్వవు. అందుకే అడిగి చూస్తాను."

"దేవీ, ప్లీజ్. ఆ బాల్కనీ..."

"బాల్కనీ నిజం. నేనెప్పుడూ కాదనలేదు."

"ఇదిగోమ్మా ఫోన్. నేను అటు తిరిగి నిలబడతాను, మాట్లాడుకో."

"ఇక్కడే ఉండండి అంకుల్. ఇటే చూస్తూ ఉండండి. ... అక్కా. నేనే. నేనే అక్కా, దేవీని. వేరేవాళ్ళ ఫోన్. ఏడవకు. ఏడవకు, ఒక్కటే చెప్పు నాకు. మొన్న ఆదివారం రేవంత్‌కి ఫోన్ చేశావా? ... ఊఁ. ... నేనేం చేస్తున్నానన్నాడు? ... ఊఁ. ... నీతో మాట్లాడనన్నానా నేను? ఎప్పట్నుంచి? ... ఊఁ. ... సరే. వద్దు, ఇంకేం చెప్పకు. సరే."

"నీ మంచికే చేశాను. నా మాట విను. వదిన మాట్లాడిన ప్రతిసారీ నువ్వు రెండు రోజులు తిండి మానేస్తున్నావు. నేనొక్కణ్ణి ఏం చెయ్యను? నీ మంచికే దేవీ. ఇటు చూడు. దేవీ, నాతో మాట్లాడు."

"అంకుల్, మీ వెనక సీట్లో ట్రైపాడ్లు కాస్త పక్కకి జరిపితే నాకు చోటుంటుందా?"