రిలే రోజు కడుపునొప్పి

జూన్ నెల పొద్దున. కెనడాలోని విన్నిపెగ్‌లో ఓ ఎలిమెంటరీ స్కూలు. ఆటల టీచరు మైదానంలో తెల్లగీతలు గీయిస్తోంది. నాలుగో క్లాసు లినెట్ వాళ్ళమ్మ కంచె దగ్గర ఆగింది.

"టీచర్, మా లినెట్ ఇవాళ రిలే పందేనికి రాదు. కడుపునొప్పట."

"అయ్యో. పడుకోనివ్వండి, ఏం ఫర్వాలేదు."

"ఎలా ఉందని కూడా అడగలేదే!"

"ఎలా ఉందండీ?"

"పోయినేడూ ఇలాగే. రిలే అయ్యే టైముకి లేచి రెండు పాన్‌కేకులు లాగించింది. క్లాసులో అందరూ పరిగెత్తి తీరాలని రూలుంది కదూ?"

"ఉందండీ. ఎవర్నీ పక్కన కూర్చోబెట్టకూడదనే పెట్టాం."

"బడికొచ్చిన వాళ్ళందరూ అనేగా?"

"రానివాళ్ళని ఎలా పరిగెత్తిస్తామండీ?"

"అదే మరి. నొప్పని చెప్పమని దానికి నేర్పిందెవరు?"

"నేనలా అన్లేదు. ఒంట్లో బాగోకపోతే రానక్కర్లేదమ్మా అన్నానంతే."

"ఒంట్లో శుభ్రంగా ఉన్న పిల్లతో!"

"మూడేళ్ళుగా మా స్కూలు పక్క స్కూలు చేతిలో ఓడిపోతోందండీ. లినెట్ పరుగులో కాస్త నెమ్మది, ఈసారీ ఓడితే మిగతా పిల్లలు దాన్నే అంటారు. దాని మంచికే చెప్పాను."

"పిల్లలు అనకముందే మీరనేశారన్నమాట."

"ఇప్పుడెక్కడుంది?"

"కార్లో. బూట్లు వేసుకునే కూర్చుంది. 'నొప్పని చెప్పి చూడు మమ్మీ, అయినా రమ్మంటే టీచర్‌కి నేను కావాలన్నట్టే' అంది. వెళ్ళి ఏం చెప్పమంటారు?"