సాయవ్వ శోకానికి ఓదెలు తెచ్చిన మైకు

ముందుగాల మీరేం చూసిండ్రో చెప్పుండ్రి. ఓదెలు పత్తి కొట్టంల వాళ్ల అవ్వ సాయవ్వ రొమ్ము కొట్టుకొని ఏడుస్తంది, కొడుకు ఎదురుంగ చెవులకు పాట ఇనే డిప్పలు పెట్టుకొని బొమ్మలెక్క కూసున్నడు, గంతే గదా మీరు చూసింది? చూసినోళ్లు చూసినట్టు ఊకున్నరా? కొడుకు తల్లిని ఏడిపిస్తుండని వాడ వాడకు చెప్పిండ్రు. అసలేమైందో నేను చెప్త, ఇనుండ్రి.

సాయవ్వ శోకం తీసిందంటే పాడె మోసేటోళ్ల కాళ్లు ఆగుతయి. ఎవలింట్ల పీనుగ లేసినా ఆమెను పిలుసుడే. పోయినోడు ఏ చెలక దున్నేది, ఏం తినేది, ఎవలతోని కయ్యం పెట్టుకునేది, అన్నీ రాగంల పెడ్తది. అసొంటామెకు గొంతుల గడ్డ లేసింది. డాక్టరు ఏమన్నడంటే, గడ్డ తీసేస్తే పానానికి ఢోకా లేదు, మాట గూడ వస్తది, రాగం వస్తదని మాత్రం నేను చెప్పలేను అన్నడంట. అది ఇన్న ఓదెలు, దవాఖానకు పోకముందే, నాయన మల్లయ్య పోయిననాడు అవ్వ తీసిన శోకం ఒక్కటన్న పట్టి పెట్టుకోవాలె అనుకున్నడు. సెల్లుల పడితే డబ్బల గులకరాళ్లు ఊపినట్టు వచ్చిందంట. ఇంట్ల పాట పట్టుటానికి కండెన్సర్ మైకు అని ఒకటి ఉంటదట, దాంట్ల తక్కువ పైసల అగ్గువది ఏదన్న తెస్త అని బయలెల్లిండు.

బయలెల్లినోడు ఎవలను ఎంట తీసుకపోయిండు? మైకుసెట్టు పోశాలును. పెండ్లిళ్లకు మైకులు కట్టే పోశాలుకు తెలిసింది ఒక్కటే, దూరం కెళ్లి సప్పుడును ఎంత గుంజితే అంత మంచి మైకు. కరీంనగర్ దుకాణంల పోశాలు అవతలి మూలకు పోయి హలో హలో అనుడు, ఓదెలు ఇవతల డిప్పలు చెవులకు పెట్టుకొని ఇనుడు. దుకాణపాయన మొత్తుకున్నడంట, అన్నా గట్లగాదు, ముందు మీ ఇల్లెట్లుంటదో చెప్పుండ్రి, రేకులా స్లాబా, పక్కపొంటి సప్పుడెంత, అని. పోశాలు ఇంటేగా. మేము కొనేది మైకు, మా ఇల్లు నీకెందుకయ్యా, దాన్ని గూడ అమ్ముకుంటవా అన్నడంట. ఆఖరికి అగ్గువయిటిల్ల అన్నిటికన్న ఎక్కువ గుంజేది ఏరుకొని పట్టుకొచ్చిండ్రు.

ఇంట్ల పెట్టి చూస్తే ఏమైందంటే, అది గుంజింది. మస్తు గుంజింది. కోళ్లను గుంజింది, ఫ్యానును గుంజింది, పక్కింటి లస్మి పెనిమిటిని తిట్టిన తిట్లు అచ్చరం పోకుంట గుంజింది. సాయవ్వ గొంతు మాత్రం రేకులకు తాకి బాయిలకెళ్లి వచ్చినట్టు వచ్చింది. ఓదెలు మళ్ల దుకాణానికి ఉరికి, ఇంకిన్ని పైసలు పెడ్త, పిరమైంది ఇయ్యమన్నడు. దుకాణపాయన ఏమన్నడంటే, 'పిరమైంది కొంటే కోళ్లు ఇంకింత మంచిగ ఇనబడ్తయన్నా. మైకుకేం కాలే, అర్ర మార్చు.' గోడలకు తాకిన సప్పుడు మళ్ల రాకుంట, మెత్తటి సామాను నిండ ఉన్న అర్రల పెట్టుమన్నడంట. ఇంకోటి, పోశాలు పెండ్లి మైకు లెక్క దాని నెత్తి మీద మాట్లాడిచ్చిండు గదా, అది పక్కకెళ్లి ఇనే మైకు, దాని పొట్టను అవ్వ మూతి దిక్కు తిప్పుమన్నడంట. గీ ముక్క మొదటిరోజే ఇనుంటే ఏం పోయేది?

ఇగ మెత్తటి అర్ర ఏడుంటది? పరుపులు, బొంతలు గోడలకు కడ్త అంటే, కోడలు స్వరూపకు నెలలు నిండినయి, గడపకు అడ్డం కూసున్నది. ఎవలు పోకుంట ఇంట్ల శోకం ఎట్ల తీస్తరని. ఆమె తప్పేమున్నది, మనందరం గట్లనే అంటం. ఓదెలుకు తిక్క లేసి, పోనీ నాట్ల పాట పాడరాదే అవ్వా అన్నడంట. నాట్ల పాట ఊరందరిది బిడ్డా, ఇది నా ఒక్కదానిది అన్నదంట సాయవ్వ. అప్పుడు ఓదెలుకు యాదికొచ్చింది, రేటు వస్తదని ఆపిన పత్తి ఇంటెనుక కొట్టంల రేకులు తాకేదాక ఉన్నది. ఆ పత్తిల తొవ్వ తీసి, గూడు లెక్క చేసి, అండ్ల అవ్వను కూసోబెట్టిండు. ఉక్కపోస్తదని తలుపు ఓరగ ఉంచిండు. అండ్ల మాట అంటే మాటే, రేకులకు తాకి ఎనుకకు తిరిగి వచ్చుడు లేదు. సాయవ్వ మొకం మీదికి కొంగు గుంజుకొని షురువు చేసింది. 'అలిగితివంటే వాగు దాక పోయెటోనివి మల్లయ్యా, గింత దూరం ఎందుకు పోతివి' అని ఎత్తుకున్నది. ఓదెలు కదిలితే సప్పుడైతదని కండ్లు గూడ తుడుసుకోలేదంట.

అగ్గో, అప్పుడొచ్చిండ్రు మీరు. తలుపు దబ్బున తీసి, ఎవలు పోయిండ్రే సాయవ్వా అని లస్మి ఒర్లింది. మైకు అది గూడ గుంజింది. సాయవ్వ కొంగు తీయలే, రాగం ఆపలే. 'నా గొంతు పోతందే లస్మీ' అని రాగంలనే అన్నది. మైకుల పట్టింది ఓదెలు నాకు ఇనిపిచ్చిండు. ఆ మాట ఎనుక మీ చెప్పుల సప్పుడు, గుసగుసలు, ఆమె ఒక్కదాని ఎక్కిళ్లు, గంతే ఉన్నయి. మళ్లొకసారి తియ్యే అవ్వా అని ఓదెలు అంటే, అడిగితే వచ్చేది గాదు బిడ్డా అన్నదంట. తెల్లారి దవాఖానకు పోయింది.

ఇప్పుడు ఓదెలు మైకును తిడ్తుండు, పోశాలు దుకాణపాయనను తిడ్తుండు. మైకు దాని పని అది చేసింది. నాకు ఒళ్లు మండేది ఏడనంటే, ఒకామె శోకం తీస్తుంటే పోయింది ఎవలని అడుగకముందే పక్కన కూసోని, మెడ మీద చెయ్యేసి, గొంతు కలుపుడు మన వాడ ఆడోళ్లకు ఒకలు నేర్పాల్నా? సాయవ్వ మీ అందరి ఇండ్లల్ల గట్లనే కూసున్నది. గొంతు పోతందని ఆమె నోటితోని చెప్పినంక గూడ, మీల ఒక్కలన్న ఎందుకు కూసోలేదు?