యిర్మియా తుపాకి, ఆగయ్య రోకలి

తుపాకి లైసెన్సా? నీకెందుకు తమ్మి, కుక్క మొరిగితేనే తలుపేసుకుంటవ్. కూసో, ఛాయ్ వస్తది. తుపాకంటే మా యెదురింటి యిర్మియాదే. మిలిట్రీల చేసొచ్చి గని గేటు కాడ వాచ్‌మన్ అయిండు. ఊర్ల చేన్లకు అడివి పందులొస్తయని లైసెన్సు తెచ్చిండు. క్వార్టర్లల్ల పందులేడియి? గోడకు తగిలేసి దినాం నూనె రుద్దుడే. "నా తలకు లేని నూనె దానికి" అనేది ఆయన పెండ్లాం సువార్తక్క.

లైసెన్సు ఇచ్చేనాడు అమీన్ సాబు, గదే ఎస్సై, దగ్గర కూసోబెట్టుకొని చెప్పిండట. పగటీలి దొంగ సొచ్చి బిందె ఎత్కపోతుంటె అరువు, పట్టుకో, కాల్చకు. ఉరికేటోణ్ని ఎన్కనుంచి కాలిస్తె ఖూనీ కేసే. నిన్ను సంపుతందుకు మీదికొస్తె, ఇంకో తొవ్వ లేకుంటె, గప్పుడు. యిర్మియా గిది వాడకట్టుకంత ఎక్కం లెక్క వొప్పజెప్పేది.

ఏమంటున్న... ఆఁ, గోడలకు సున్నాలు. క్వార్టర్లన్ని ఒక్క తీరుగనే ఉంటయి గదా. అందుకే మా తలుపుకు పాత చెప్పు, యిర్మియా తలుపుకు సుద్దతోని సిలువ, గట్ల ఎవల గుర్తు వాళ్లది. గా యేడు కంపెనోళ్లు సున్నాలేసి తలుపులకు రంగేసిండ్రు, గుర్తులన్ని మాయం. గా పొద్దే పక్క క్వార్టర్‌కు కొత్తగ వచ్చిన ఆగయ్య, రెండు షిఫ్టులు కొట్టి, మొఖం నిండ బొగ్గుతోని, యిర్మియా ఇంట్ల సొచ్చిండు. కుండల గంజి తాగిండు, మంచమెక్కిండు.

యిర్మియా మొగడు పెండ్లాలు అంగడి నుంచి వచ్చి సూస్తె నల్లటి మనిషి. సువార్తక్క నన్ను పిలిస్తె ఉరికిన. యిర్మియా తుపాకి నింపి నిలవడ్డడు గని చెయ్యాడుతలేదు. మీదికొచ్చేటోని సంగతి చెప్పిండు, ఉరికేటోని సంగతి చెప్పిండు, గురక పెట్టేటోని సంగతి అమీన్ సాబు చెప్పలే. ఇగ తుపాకి కొనతోని పొడిచి లేపిండు.

ఆగయ్య కండ్లు తెరిచి తుపాకి సూసి, మూలకున్న రోకలి అందుకున్నడు. నా ఇంట్లకొచ్చి నన్నే సంపుతవా అని మీదికొచ్చిండు. యిర్మియా ఎనుకకు గోడ. ఇగ అమీన్ సాబు చెప్పిన కానూను గడియ వచ్చె. ఏలు తుపాకి గుర్రం, గదే ట్రిగ్గర్, మీదికి పోయింది. ఆగయ్య రోకలెత్తి, "ఓ సారవ్వా, ఇంట్ల దొంగ సొచ్చిండు, జల్ది రాయే" అని ఒర్లిండు.

గోడవతల నుంచి ఆగయ్య పెండ్లాం సారవ్వ అన్నది, "ఏ దొంగ? ఇంట్ల నేనొక్కదాన్నే ఉన్న. నువ్వేడున్నవ్?"

ఆగయ్య రోకలి దించి, కుండ దిక్కు సూసి, "గంజి మంచిగుంది వదినే" అన్నడు.

యిర్మియాకు గా దినం అన్నం సైసలే. పోయి అమీన్ సాబును అడిగిండట, కాలిస్తె ఏమవుతుండె అని. "కోర్టు నిన్ను ఇడుస్తుండెనేమో. సారవ్వకేం జెప్తుంటివి?" అన్నడట ఆయన. తుపాకి గాడనే ఠాణాల అప్పజెప్పి వచ్చిండు. కొత్త రంగు మీద బొగ్గుతోని రాసిండు: "ఇది యిర్మియా ఇల్లు. ఆగయ్యా, నీది పక్కది." మేం నవ్వి సచ్చినం. ఆగయ్య ఏలిముద్ర మనిషి, ఆయనకేమెరుక.

యిర్మియా సచ్చిపోయిన యేడు కంపెనోళ్లు మల్ల రంగులేసిండ్రు, రాత పోయింది. మర్నాడు పొద్దుగాల సూస్తె మల్ల ఉన్నది. అచ్చరాలు వంకర టింకర, ఒక్కటి తిరగబడ్డది. సువార్తక్క నేను రాయలే అన్నది. ఆగయ్య చేతులకు బొగ్గెప్పుడూ ఉండేదే...

ఛాయ్ తాగు తమ్మి, సల్లారుతుంది.